దండాసి మేస్త్రి తిరిగి బిగించిన సెన్సర్

మొన్న మధ్యాహ్నం ఎవరో మా ల్యాబు గుమ్మం ముందు కారు ఆపి, ఇంజను కట్టేయకుండానే రిపోర్టు కోసం లోపలికి వచ్చారు. నేను వెనక గదిలో రక్తపు గొట్టాలకు పేర్లు అంటిస్తున్నాను. బయట ఎండ మండిపోతోంది. కాసేపటికి ఆ కారు రేడియేటర్ ఫ్యాను హోరుమని తిరగడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు వినబడగానే నా చెయ్యి ఆగిపోయింది. ఇప్పుడు ఇంజను ఆగిపోతుందా అని అటే చెవి పెట్టి నిలబడ్డాను. ఆగలేదు. ఆ మనిషి రిపోర్టు తీసుకుని, కారెక్కి కాశీబుగ్గ వైపు వెళ్ళిపోయాడు. ఏళ్ళు గడిచినా ఈ అలవాటు నన్ను వదల్లేదు. ఫ్యాను వినడం నాకు నేర్పిన మనిషి పేరు దండాసి. పలాసలో ఆయన్ని అందరూ మేస్త్రి అనేవారు. పాతిక సంవత్సరాలు సంతబొమ్మాళి తీరంలో చేపల పడవల ఇంజన్లు బాగుచేసి, తరువాత పలాస వచ్చి రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని కార్లు చూసేవాడు. పొట్టి మనిషి. చొక్కా జేబులో కళ్ళజోడు, చెవి మీద పెన్సిలు ఉండేవి. ఎక్కువ మాట్లాడేవాడు కాదు. నా జీవితంలో ఆయనతో నాకున్న పరిచయం ఏడెనిమిదేళ్ళకు మించదు. అందులోనూ ముఖ్యమైనవి కొద్ది రోజులే.

ఆయన దగ్గరికి నన్ను తీసుకువెళ్ళింది మా మావయ్య కారు. మా అమ్మ నా చిన్నతనంలోనే పోవడంతో, అక్కుపల్లికి ఇవతల ఉన్న మా ఊళ్ళో మావయ్యే నన్ను పెంచి చదివించాడు. కొబ్బరి, జీడి తోటల మీద బతికిన మనిషి. ఊళ్ళో చాలామందికి వచ్చిన కిడ్నీ జబ్బే ఆయనకూ వచ్చింది. డయాలసిస్ మొదలయ్యాక వారానికి రెండు రోజులు పొద్దున్నే పలాస ఆస్పత్రికి చేరాలి. నేను అప్పటికే పలాసలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను కాబట్టి, ఆయన్ని ఆస్పత్రిలో దింపి పనికి వెళ్ళడం సులువని డ్రైవింగ్ నేర్చుకున్నాను. కారు పాతది, పెట్రోలుది. మావయ్య జీడి బాగా కాసిన ఏడాది ఎవరి దగ్గరో కొన్నాడు. దాని మీద ఆయనకు ఉన్న ప్రేమ అత్తయ్యకు నచ్చేది కాదు. కాని రెండు తోటలనూ తుపాను పడగొట్టిన తరువాత, ఆ ఇంట్లో నిలబడి ఉన్న సొంత వస్తువు అదొక్కటే అని ఆమె కూడా ఏమీ అనడం మానేసింది.

ఆశ్వయుజపు ఎండల్లో ఆ కారు దారిలో ఆగిపోవడం మొదలుపెట్టింది. ముందు ఏ సూచనా ఉండేది కాదు. ఇంజను ఠక్కున ఆగిపోయేది. పావుగంటో ఇరవై నిమిషాలో ఆగితే మళ్ళీ మామూలుగా స్టార్టయ్యేది. డయాలసిస్‌కు ఆలస్యంగా చేరితే మన వంతు వెనక్కి పోతుంది. మావయ్య పైకి నవ్వుతూనే ఉండేవాడు గాని, బండి ఆగినప్పుడల్లా ఆయన చెయ్యి తలుపు పిడిని గట్టిగా పట్టుకోవడం నేను చూసేదాన్ని. ఎవరో చెప్పగా దండాసి మేస్త్రి షెడ్డుకు తీసుకువెళ్ళాం. ఆయన స్కానర్ పెట్టి చూశాడు. ఇంజను తిరుగుతున్న వేగాన్ని కనిపెట్టి కారులోని కంప్యూటరుకు చెప్పే చిన్న సెన్సర్ ఒకటి ఉంటుందట. అది చెప్పడం మానేస్తే కంప్యూటరు పెట్రోలు ఆపేస్తుంది. స్కానర్ మీద దాని పేరే వచ్చింది. వేడెక్కితే ఆగడం, చల్లబడితే తిరగడం ఆ సెన్సర్ చెడినప్పుడు కనబడే లక్షణమేనని ఆయన చెప్పాడు. మావయ్య మరొక్కసారి అడిగితే, ఇంకేమీ కాదు, ఇదే అన్నాడు. విశాఖపట్నం నుంచి కొత్త సెన్సర్ తెప్పించి వేశాడు. అది పుష్యమాసం. ఆ తరువాత రెండు నెలలు కారు ఒక్కసారి కూడా ఆగలేదు. మేమందరం ఆ సంగతి మరిచిపోయాం.

ఎండలు ముదరడం మొదలైన వారంలో ఒక సోమవారం, రైల్వే గేటు వేసి ఉంటే వరసలో ఆగాను. మావయ్యకు అంతకు ముందు వారం జ్వరం వల్ల ఒక డయాలసిస్ తప్పింది. ఒంట్లో నీరు చేరి ఉంది. నడుం వాల్చలేక వెనక సీట్లో నిటారుగా కూర్చుని ఊపిరి తీస్తున్నాడు. గేటు తెరిచే లోపలే ఇంజను ఆగిపోయింది. ముందున్న బళ్ళు కదిలాయి. వెనకవాళ్ళు హారన్లు కొడుతున్నారు. నేను తాళం తిప్పుతూనే ఉన్నాను. మావయ్య ఏదో చెప్పబోయి చెప్పలేకపోయాడు. ఆయన పెదాల రంగు మారడం చూశాక కారును అక్కడే వదిలేసి, దారిన పోతున్న ఆటోను ఆపి, ఇద్దరు మనుషుల సాయంతో ఆయన్ని అందులోకి ఎక్కించాను. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టి వెంటనే డయాలసిస్ చేశారు. బతికాడు. ఇంకో అరగంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమని అక్కడి నర్సు నాతో మెల్లగా అంది.

మర్నాడు దండాసి మేస్త్రి ఆస్పత్రికి వచ్చాడు. నేను ఫోను చెయ్యలేదు. గేటు దగ్గర ఆగిన కారును ఎవరో గుర్తుపట్టి ఆయనకు చెప్పారట. ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చి, మంచం కాళ్ళ వైపు నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“సెన్సర్ పోనాదని సెప్పింది నానే,” అన్నాడు. “అది కాదు. తప్పు నాది.”

నేను అప్పటికి రెండు రోజులుగా నిద్రలేక ఉన్నాను. “తెలీకపోతే తెలీదని చెప్పాలి గదా మేస్త్రీ,” అన్నాను. “అందులో మనిషి ప్రాణం ఉంది.”

“అవునమ్మా. అలాగే సెప్పాల్సింది.”

అంతకు మించి ఆయన ఏమీ అనలేదు. స్కానర్ అలా చూపించిందని గాని, కొత్త సెన్సర్ నకిలీదేమోనని గాని, పాత బళ్ళు అంతేనని గాని అనలేదు. నేను ఆ మాటల్లో ఏదో ఒకటి వస్తుందని ఎదురుచూశాను. వస్తే అనడానికి నా దగ్గర చాలా ఉంది. ఏదీ రాలేదు. మావయ్య దిండు మీది నుంచి, “ఒగ్గీ అమ్మీ, ఆయనేటి కావాలని సేసినాడా,” అన్నాడు. అప్పుడు మేస్త్రి, బండికి ఏమైందో తనకు ఇప్పుడు తెలియదని, తెలిసేవరకు అది తన షెడ్డులోనే ఉంటుందని, అందాకా మావయ్యను ఆస్పత్రికి తానే తీసుకువస్తానని చెప్పాడు. ఆ మాటను నేను మర్యాదకు అన్న మాట అనుకున్నాను. గురువారం పొద్దున్న ఐదున్నరకు ఆయన జీపు మా వాకిట్లో ఆగింది. వెనక సీటు మీద బొంత పరిచి తెచ్చాడు.

అలా మూడు వారాలు వచ్చాడు. పలాస నుంచి మా ఊరికి, మా ఊరి నుంచి ఆస్పత్రికి, మళ్ళీ మధ్యాహ్నం ఇంటికి. నేను ముందు సీట్లో కూర్చునేదాన్ని. మొదటి రెండు సార్లు నేను ఆయనతో మాట్లాడలేదు. వాళ్ళిద్దరూ మాత్రం పడవల గురించి, పడిపోయిన తోటల గురించి మాట్లాడుకునేవారు. జీడిచెట్టు మళ్ళీ కాపుకు రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో మావయ్య చెబితే, పడవ ఇంజనులోకి ఉప్పునీరు పోతే ఏమవుతుందో ఈయన చెప్పేవాడు. రెండో వారం వచ్చేసరికి ఒకరినొకరు బావా అని పిలుచుకుంటున్నారు. మూడో వారం తిరిగి వచ్చే దారిలో మేస్త్రి నన్ను ఒకటే అడిగాడు. బండి ఎప్పుడెప్పుడు ఎక్కడెక్కడ ఆగిందో ఏమైనా గుర్తుందా అని.

గుర్తుండటం కాదు, రాసి ఉంది. మావయ్య రోజుకు ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగాడో, బరువు ఎంతో, కాళ్ళవాపు ఎలా ఉందో రాసే నోటుపుస్తకం ఒకటి నా దగ్గర ఉండేది. డయాలసిస్ ఎందుకు ఆలస్యమైందో, బండి ఏ రోజు ఎక్కడ ఆగిందో కూడా పక్కన రాసేదాన్ని. ఆ ఆదివారం ఆ పుస్తకం పట్టుకుని షెడ్డుకు వెళ్ళాను. మేస్త్రి కళ్ళజోడు పెట్టుకుని, స్టూలు మీద కూర్చుని, మొదటి పేజీ నుంచి చదివాడు. బండి సంగతి ఉన్న చోటే చూడమన్నాను. అన్నీ చూస్తానన్నాడు. పెన్సిలు తీసి సిగరెట్ పెట్టె అట్ట మీద ఏవో గీతలు గీసుకున్నాడు. అరగంట పట్టింది. ఆ తరువాత పుస్తకం నా వైపు తిప్పాడు.

“ఇది సూడమ్మా. ఏడుసార్లు ఆగింది. గేటు కాడ, సంతలో, ఆస్పత్రి ముందర, టెక్కలిలో బస్సుల ఎనక. ఏడుసార్లూ బండి నిలబడే ఉంది. పరుగులో ఉండగా ఒక్కపాలీ ఆగలేదు.”

అది నేను రాసిన పుస్తకమే. నాకు ఎప్పుడూ కనబడలేదు. సెన్సర్ వేడికి చెడేదైతే, వేడెక్కిన బండి పరిగెడుతున్నప్పుడు కూడా ఆగాలి కదా అని ఆయన తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు. నిలబడి ఉన్నప్పుడు మాత్రమే జరిగేది ఏమిటి? నేను తెలియదన్నాను. నాకూ ఇంకా తెలియదన్నాడు. లేచి బోనెట్ ఎత్తి, ఇంజను స్టార్ట్ చేసి, ఇద్దరమూ చెరో పక్కన నిలబడ్డాం. పది నిమిషాలు ఏమీ జరగలేదు. షెడ్డు రేకుల కింద వేడికి నా వీపు తడిసిపోయింది. అప్పుడు రేడియేటర్ ఫ్యాను హోరుమని అందుకుంది. నాలుగు క్షణాలు గడవకుండా ఇంజను ఆగిపోయింది.

ఆయన ఫ్యాను వైపు వేలు చూపించాడు. బండి రోడ్డు మీద పోతుంటే ఎదురుగాలికే నీళ్ళు చల్లబడతాయి, ఫ్యాను అవసరం పెద్దగా ఉండదు. నిలబడితేనే ఫ్యాను తిరుగుతుంది. పుష్యమాసపు పొద్దుల్లో అదీ తిరగలేదు. అందుకే కొత్త సెన్సర్ పనిచేసిందని మేమందరం అనుకున్నాం. ఇవన్నీ ఆయన తరువాత విడమరిచి చెప్పాడు. అప్పుడైతే ఫ్యాను వైరు ఊడబీకి మళ్ళీ స్టార్ట్ చేశాడు. ఇంజను వేడెక్కినా ఆగలేదు. వైరు పెట్టాడు, ఆగింది. ఊడబీకాడు, ఆగలేదు. అలా నాలుగుసార్లు చేశాడు. రెండోసారికే నాకు నమ్మకం కుదిరింది, ఆయనకు నాలుగోసారి దాకా కుదరలేదు.

ఫ్యాను నుంచి వచ్చే ఎర్తు వైరును వేలితో తడుముకుంటూ వెళ్ళి, ఎడమ వైపు లోపలి రేకుకు బిగించిన ఒక బోల్టు దగ్గర ఆగాడు. కంప్యూటరు ఎర్తు వైరు కూడా అదే బోల్టు కింద ఉంది. మీటరు తెచ్చి, ఒక వైరు బ్యాటరీ మైనస్ మీద పెట్టి, రెండోది ఆ బోల్టు కింది వైర్ల కొసకు ఆనించి పట్టుకోమని నాకిచ్చాడు. అంకె సున్నా దగ్గర ఉండాలన్నాడు. ఉంది. ఫ్యాను వైరు మళ్ళీ పెట్టాడు. ఫ్యాను తిరగగానే అంకె పైకి ఎగిరింది. ఇంజను ఆగింది. ఆ బోల్టు విప్పి చూస్తే కింద రేకు కనబడలేదు. నిగనిగలాడే ఎర్ర రంగు ఉంది. ఫ్యానుకూ కంప్యూటరుకూ కరెంటు తిరిగి వెళ్ళే దారికి అడ్డంగా రంగు పూసేశారు. ఫ్యాను తిరిగినంతసేపు కంప్యూటరుకు ఆ దారి చాలడం లేదు. సెన్సర్ చెబుతున్నది దానికి వినబడటం లేదు.

“ఈ పక్క రేకుకి రంగెప్పుడు ఏసినారు?” అని అడిగాడు.

తుపానులో కొబ్బరిచెట్టు కారు ఎడమ పక్క మీద పడిందని, చాన్నాళ్ళు అలాగే ఉంచి తరువాత వేరే ఊళ్ళో రేకు సరిచేయించి రంగు వేయించామని చెప్పాను.

“ముందే నాకు సెప్పలేదేటమ్మా?”

“మీరు అడగలేదు.”

ఆయన కాసేపు బోల్టును అరచేతిలో పట్టుకుని చూశాడు. “అడగలేదు,” అన్నాడు.

గరుకు కాగితంతో ఆ రంగును తెల్లటి రేకు బయటపడేదాకా గీకి, వైర్ల కొసలు తోమి, బోల్టు బిగించాడు. ఇంక బండి తీసుకువెళ్ళచ్చని నేను అనుకుంటుండగా, బల్ల కిందినుంచి రేకు డబ్బా ఒకటి తీసి, అందులోంచి మా పాత సెన్సర్ బయటికి తీశాడు. కొత్తదాన్ని విప్పి, పాతదాన్ని మళ్ళీ బిగించడం మొదలుపెట్టాడు. ఆ మాట ఫోనులో చెబితే మావయ్య కంగారుపడ్డాడు. మంచిది ఉండగా పాతది దేనికి, ఉన్నది చాలదా అన్నాడు. ఫోను ఇమ్మని మేస్త్రి అందుకున్నాడు.

“కొత్తది ఉంచితే నీ బండి దేనివల్ల బాగైందో నాకు తెల్దు బావా,” అన్నాడు. “దీని మీద నింద ఏసింది నాను. దీనిది తప్పో కాదో నాకే తేలాల. తేలకుండా నిన్ను ఆ బండి ఎక్కనీను.”

వారం రోజులు ఆయనే ఆ కారు నడిపాడు. మధ్యాహ్నం పూటే తీసుకెళ్ళేవాడు. టెక్కలి దాకా పోయి, బజారులో ఎండకు నిలబెట్టి, ఏసీ, లైట్లు, వైపర్లు అన్నీ వేసి, ఇంజను ఆపకుండా పక్కన కూర్చునేవాడట. వైపర్లు తిరుగుతున్న కారును ఆ ఎండలో చూసి జనం నవ్వారని ఆయనే చెప్పాడు. కారు ఒక్కసారి కూడా ఆగలేదు. వారం తరువాత ఇంటికి తెచ్చి తాళం చెవి మావయ్య చేతికి ఇచ్చాడు. కొత్త సెన్సర్‌ను కాగితంలో చుట్టి లోపల పెట్టానని, అది అవసరం పడదని చెప్పాడు. పడలేదు. మావయ్య ఆ తరువాత మూడేళ్ళు బతికాడు. కారు వల్ల ఆయన డయాలసిస్ మళ్ళీ తప్పలేదు. ఆ మూడేళ్ళూ అమావాస్యకో పున్నానికో మేస్త్రి జీపు మా వాకిట్లో ఆగేది. వచ్చి కూర్చునేవాడు, ఇద్దరూ కొబ్బరి మొక్కల వైపు చూస్తూ మాట్లాడుకునేవారు. మావయ్య పోయిన రోజు పాడె మోసిన నలుగురిలో ఆయన ఒకడు.

తరువాతి ఏడాది ఒక మంగళవారం ఆయన మా ల్యాబుకు వచ్చాడు. కాళ్ళు బరువుగా ఉన్నాయని డాక్టరుకు చూపించుకుంటే రక్తపరీక్ష రాశారట. చీటీ చూడగానే ఏ పరీక్షో తెలిసింది. ఈ ప్రాంతంలో రోజూ మేము చేసే కిడ్నీ పరీక్షే. రక్తం తీసి మిషనులో పెట్టాను. అంకె ఎక్కువగా వచ్చింది. నా మనసులో మొదట వచ్చిన మాట, మిషను తప్పు చూపిస్తోంది అని. లెక్క ముందే తెలిసిన శాంపిలు పెట్టి చూశాను. సరిగ్గానే చూపించింది. ఆయన రక్తం మళ్ళీ పెట్టాను. అదే అంకె. బయటికి వెళ్ళి, రెండో చేతి నుంచి ఇంకోసారి తీసుకోవాలన్నాను. ఎందుకని అడగకుండా చొక్కా చెయ్యి పైకి మడిచాడు. మూడోసారి కూడా అంకె మారలేదు. నేను కాగితం పట్టుకుని బల్ల మీద ఆయన పక్కన కూర్చున్నాను. జబ్బు మొదలైందని, ఇప్పుడే తెలిసింది కాబట్టి మందులతో కొంతకాలం ఆపవచ్చని చెప్పాను.

“మిషను బాగానే ఉందా అమ్మా?” అన్నాడు.

“బాగానే ఉంది. మూడుసార్లు చూశాను.”

“అయితే సరే,” అన్నాడు. మడిచిన చొక్కా చెయ్యి కిందికి దించుకుంటూ, “నీళ్ళ పుస్తకం ఒకటి నాకూ కొనాల,” అన్నాడు.

మరి కొంతకాలం మందులతో నెట్టుకొచ్చాడు. షెడ్డును వేరేవాళ్ళకు అప్పగించాడు. డయాలసిస్ మొదలయ్యాక వారంలో ఒక రోజు కొడుకు తీసుకువచ్చేవాడు, రెండో రోజు నేను తీసుకువెళ్ళేదాన్ని, మావయ్య కారులోనే. దారిలో మేమిద్దరం పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఇంజను చప్పుడు వింటూ కూర్చునేవాడు. కిందటి వానాకాలంలో పోయాడు. అప్పుడు నేను ఏడవలేదు. ఇప్పటికీ ఆయన గురించి ఎవరైనా అడిగితే మంచి మెకానిక్ అని చెబుతాను. అది నిజమే గాని, నాకు ఆయన దగ్గర దొరికింది అది కాదు.

పోయిన నెల మా ల్యాబులో నేను ఒక తప్పు చేశాను. ఒకే ఇంటిపేరున్న ఇద్దరి రక్తపు గొట్టాలకు పేర్లు తారుమారు చేశాను. సాయంత్రం లెక్క సరిచూస్తుంటే బయటపడింది. అప్పటికే మందస దగ్గర ఒక పెద్దావిడకు అంతా బాగుందని రిపోర్టు వెళ్ళిపోయింది. రెండోవాడు పలాసలోనే ఉంటాడు, అప్పుడే వెళ్ళి చెప్పి వచ్చాను. పెద్దావిడకు ఫోను చేసి, మిషనులో ఏదో తేడా వచ్చింది, మళ్ళీ రమ్మని చెబితే సరిపోతుందని మా ఓనరు అన్నాడు. మర్నాడు పొద్దున్న రక్తం తీసే సామాను సంచిలో పెట్టుకుని మొదటి బస్సుకు మందస వెళ్ళాను. ఆవిడ వాకిట్లో చాప మీద జీడిపిక్కలు ఆరబోస్తోంది. నేను ఎవరో చెప్పి, రిపోర్టు తప్పని, మిషను తప్పు కాదని, పేర్లు అంటించింది నేనేనని, పొరపాటు నాదని చెప్పాను. ఆవిడ వంగినదల్లా లేచి నా ముఖం వైపు చూసింది. తిడుతుందనుకున్నాను.

“అంటే నాకు జబ్బుందనా?” అంది.

“ఇంకా తెలీదమ్మా. మళ్ళీ రక్తం తీసి చూడాలి.”

ఆవిడ చేతులు చీర కొంగుకు తుడుచుకుని, అరుగు మీద కూర్చుని, చెయ్యి నా వైపు చాపింది.